స్పెషల్ పడే చోట

"పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్ సర్వేశ్వరరావు.

టేబుల్ మీద నల్లటి ఫ్లాపీ ఒకటి పెట్టాడు. విశాఖపట్నంలో సైకిల్ షాపు మీది ఆ గదికి బయట టైప్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు ఉంటుంది. 1997 ఆగస్టు. కిటికీ అవతల వాన.

"సరిగ్గా ఇలాంటిదే మన రికార్డు గదిలోంచి బయటికి పోయింది. తీసింది మన గుమాస్తా ఒకడు. విదేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న మనవాళ్ల అసలు పేర్లు అందులో ఉన్నాయి. అది దేశం దాటిన వారానికి ఆ పదకొండు మందిలో ఒక్కరూ మిగలరు."

ఏజెంట్ 27 దేవీప్రసాద్ ఫ్లాపీని చేతిలోకి తీసుకున్నాడు. పదకొండు ప్రాణాలకు బరువే లేదు.

"ఎవరికి అమ్ముతున్నాడు?"

"హాల్డన్. పైకి కాఫీ గింజలు కొనే విదేశీ వ్యాపారి. అనంతగిరి దగ్గర గెస్ట్‌హౌస్‌లో ఉన్నాడు. సరుకు చేతులు మారేది అరకు కొండల్లో. అక్కడినుంచి ఒరిస్సా వైపు జారుకుంటాడు. ఎక్కడ, ఎప్పుడు అన్నదే మనకి తెలియదు."

"లోపల మనవాళ్లు?"

"అతని సెక్రటరీ. తమ మనిషే అని వాళ్ల నమ్మకం. మన డబుల్ ఏజెంట్." చీఫ్ ఒక్క క్షణం ఆగాడు. "జాయ్స్."

దేవీప్రసాద్ ఫ్లాపీని టేబుల్ మీద పెట్టేశాడు. మూడేళ్ల కిందట ఒక కేసు కోసం అతనూ జాయ్స్ విశాఖలో అద్దెకి దిగి నలభై రోజులు మొగుడూ పెళ్లాల్లా నటించారు. ఉల్లిపాయలు తరిగితే అతని కళ్లు మండుతాయని ఆమే తరిగేది. ఆఖరి దోసె అతని కోసం మూతపెట్టి ఉంచేది. ఇంటివాళ్లు చూడాలని అతను ఆమెకు ఒక మడత గొడుగు కొనిచ్చాడు. తర్వాత డిపార్ట్‌మెంట్ వాళ్లు దాని కడ్డీల్లో యాంటెన్నా, పిడిలో ట్రాన్స్‌మిటర్ పెట్టారు. నలభై ఒకటో రోజున కేసు ముగిసింది. చెప్పాలనుకున్న మాట అతను చెప్పలేదు.

"ఆమెకీ నీకూ మధ్య కబురు మోసేది విల్సన్. అరకు కుర్రాడు, జీపు డ్రైవరు," అన్నాడు చీఫ్. "ఆ కొండల్లో అంత బాగా బండి తోలేవాడు మనకింకొకడు లేడు. జాయ్స్ కూడా ఆ మాటే రాసింది."

జాయ్స్ కూడా. ఆ రెండు మాటలూ దేవీప్రసాద్‌తో పాటే కిరండూల్ రైలెక్కాయి.

*

భూసార పరీక్షల ఆఫీసరు వేషంలో, మట్టి నమూనాల పెట్టెతో అరకులో దిగాడు. స్టేషన్ బయట ఆలివ్ రంగు జీపుకి ఆనుకుని ముప్ఫై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు.

"ఈ జీపు బొర్రా వెళ్తుందా?"

"బొర్రా ఎల్దు సార్. బుర్రుంటే ఎక్కడికైనా ఎల్తాది."

అది పాస్‌వర్డ్. ఎవరు రాశారో గానీ, బుర్ర ఉన్న పాత్ర విల్సన్‌కే ఇచ్చారు.

మర్నాడు విల్సన్ అతన్ని ఎర్రమట్టి వాలు దగ్గరికి తీసుకెళ్లాడు. "తోల్తారా సార్? ఏ ఏళ ఎలాగుంటాదో. మీకూ వచ్చుండాల."

"నాకు సర్టిఫికెట్ ఉంది," అన్నాడు దేవీప్రసాద్. నిజంగానే ఉంది. విమానాల రన్‌వే మీద ఛేజింగ్ కోర్సు. బ్యాచ్‌లో ఫస్ట్.

వాలు సగంలో జీపు ఆగిపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి బురద చిమ్మాయి. విల్సన్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. కోప్పడటానికి కారణం దొరికేది.

"నడిమి వాలున ఆగీసి గేర్లు ఎతుక్కోకూడదు సార్. కొండ మొదట్లోనే ఆగిపోవాల." విల్సన్ దిగి, ముందు చక్రం నడుమ ఉన్న గుండ్రటి హబ్‌ని పట్టుకుని తిప్పి చూపించాడు. "ఇది ఫ్రీ. ఇది లాకు. ఇటు సక్రానికీ అటు సక్రానికీ రెండిటికీ సెయ్యాల. ఇది సెయ్యకుండా లోన లివరు ఎంత లాగినా ముందు సక్రాలు పట్టవు, ఉత్తినే దొర్లుతాయి. తర్వాత బండి నిలబెట్టి, క్లచ్చి తొక్కి, ఈ పొట్టి లివర్లు రెండూ ఎయ్యాల. దీన్ని మేం ఏటంటామంటే సార్..."

"తెలుసు. ట్రాన్స్‌ఫర్ కేస్. ఫోర్ లో, నాలుగు చక్రాలకీ బలమిచ్చే గేరు. మాన్యువల్ చదివాను."

విల్సన్ చెప్పబోయిన మాట మింగేశాడు. "అలాగే సార్. ఫోర్ లో." ఆ తర్వాత మర్యాదకి ఆ పేరే వాడాడు.

మళ్లీ ఎక్కారు. విల్సన్ అతని బొటనవేళ్ల మీద చూపుడువేలితో మెల్లగా తట్టాడు. "ఇయ్యి స్టీరింగు లోపలికి దోపకండి. ముందు సక్రం రాయికి తగిలితే స్టీరింగు ఒక్క తిప్పు తిరుగుతాది. ఏలు పుటుక్కుమంటాది. పైన ఆనించండి, సాలు."

దిగేటప్పుడు ఇంకో పాఠం. "క్లచ్చి మీంచి కాలు తీసీండి. బ్రేకు కూడా ఒద్దు. ఫస్టులో ఒగ్గీండి, ఇంజినే పట్టుకుంటాది."

దేవీప్రసాద్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఆ నిటారు వాలు మీద జీపు దారి తెలిసిన ముసలి ఎద్దులా ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగింది. బాగుంది. బాగుండటమే కష్టంగా ఉంది. స్టీరింగ్ మీద విల్సన్ చేతులు పిట్టని పట్టుకున్నట్టు ఉంటాయి, బిగువూ కాదు వదులూ కాదు. ఒక మనిషి చేతుల్ని చూసి అసూయపడటం దేవీప్రసాద్‌కి అదే మొదలు.

*

ఆదివారం జాయ్స్ చర్చికి వచ్చింది. మబ్బురంగు సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. హాల్డన్‌కి ప్రార్థనల మీద ఆసక్తి లేదు గనక వారంలో ఆ గంటన్నరే ఆమెది. విల్సన్ పాటల బృందంలో ఉన్నాడు. ఆమె చీటీ పెట్టి అతికించిన పాటల పుస్తకం అతనికి ఇస్తుంది, అతను విప్పకుండా దేవీప్రసాద్‌కి ఇస్తాడు. అదీ ఏర్పాటు. చీటీలో ఏముందో మోసేవాడికి తెలియకూడదన్నది డిపార్ట్‌మెంట్ నియమం.

ఎదురు మిట్ట మీద మట్టి తవ్వుతున్నట్టు నటిస్తూ దేవీప్రసాద్ చూస్తూనే ఉన్నాడు. ప్రార్థన అయ్యాక జాయ్స్, విల్సన్ చర్చి వెనక ఆగి ఉన్న జీపు అవతలికి వెళ్లారు. ఇద్దరూ వంగి ఉన్నారు. తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. పది నిమిషాలు. జాయ్స్ నవ్వింది. నలభై రోజుల్లో ఆ నవ్వు అతనికి రెండుసార్లే దొరికింది. ఇక్కడ పది నిమిషాల్లో మూడుసార్లు నవ్వింది.

పెన్ను కెమెరాతో నాలుగు ఫోటోలు తీశాడు. డిపార్ట్‌మెంట్‌కి వాటితో ఏ ఉపయోగమూ లేదు.

పాటల పుస్తకం చేతికి రాగానే చీటీ విప్పాడు. ఒక్కటే వాక్యం: "గురువారం ఐదు గంటలకి, స్పెషల్ పడే చోట."

"ఏటుంది సార్?" అన్నాడు విల్సన్.

"నీకు అనవసరం."

వైర్‌లెస్‌లో చీఫ్ పది నిమిషాల్లో చిక్కు విప్పేశాడు. "సింపుల్, ట్వెంటీ సెవెన్. రైల్వే భాష. గురువారం ఇన్‌స్పెక్షన్ స్పెషల్ రైలు వస్తోంది. సరిగ్గా ఐదుకి దానికి అరకు స్టేషన్‌లో క్రాసింగ్ పడుతుంది. ఆ రద్దీలో సరుకు చేతులు మారుతుంది. ఇన్‌స్పెక్టర్ వేషంలో నేను ఆ స్పెషల్‌లోనే వస్తాను. ప్లాట్‌ఫాం నువ్వు చూసుకో."

*

గురువారం మధ్యాహ్నం జీపు సీటు కింద చెయ్యి పెడితే మడత గొడుగు తగిలింది.

అతను కొన్న గొడుగే. ప్రాణం పోయినా జాయ్స్ చెయ్యి వదలకూడని గొడుగు. పిడి మీద నల్లటి గ్రీజు మరకలు, సన్నటి ఆడవేళ్ల గుర్తులు.

"ఇది నీ దగ్గరెందుకుంది?"

విల్సన్ మొహం మాడిపోయింది. "సెప్పకూడదు సార్."

"నాకు చెప్పకూడదా?"

"మరీ ముఖ్యంగా మీకే సెప్పొద్దన్నారు ఆవిడ."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. దేశద్రోహం అనే పెద్దమాట అతని నోట్లో సిద్ధంగా ఉంది. దాని వెనక నక్కిన చిన్నమాటని అతను పైకి రానివ్వలేదు. కొత్తరకం సంకెళ్లు తీసి విల్సన్ ఎడమచేతిని డాష్‌బోర్డు మీది ఇనుపకడ్డీకి బిగించాడు. వాటి తాళంచెవి చీఫ్ బ్రీఫ్‌కేసులో ఉంది.

"తప్పు సేత్తన్నారు సార్," అన్నాడు విల్సన్.

నాలుగుంపావు. స్టేషన్ బయట జీపు ఆపాడు. ప్లాట్‌ఫాం మీద నలుగురు మనవాళ్లు పోర్టర్ల వేషంలో ఉన్నారు. టీ కొట్టు చిన్నమ్మలు రెండు గ్లాసులు పట్టుకొచ్చి, సంకెళ్లు చూసి ఆగిపోయింది.

"ఓలమ్మా! ఏటి బాబూ ఇది? ఈ గుంటడేటి సేసీనాడు?"

"గవర్నమెంటు విషయం. నువ్వెళ్లు."

"ఎల్తాన్లే. టీ తాగనిత్తాదేటి మీ గవుర్మెంటు?" కుడిచెయ్యి ఖాళీగానే ఉన్నా ఆమె విల్సన్ చేతికి గ్లాసు ఇవ్వలేదు. తనే ఊదింది, తనే అతని పెదాలకి ఆనించింది. దేవీప్రసాద్ మొహం తిప్పుకున్నాడు.

"ఆ కాఫీ దొర కూడా ఇందాకే ఎల్లినాడు, టీ తాగమంటే ఆగనేదు," అంది ఆమె విల్సన్‌తో. "పక్కన ఆ సిల్కు సీర గుంట. డుంబ్రిగుడ దాటి పైదారి అడిగినాడు. ఇంత వానలో ఆ కొండకెందుకురా అనుకున్నాను. నల్లరాయి కాడ స్పెషలు పడకపోతే సచ్చినట్టు ఎనక్కే రావాల."

దేవీప్రసాద్ గిరుక్కున తిరిగాడు. "ఏమన్నావ్? ఏం పడకపోతే?"

"స్పెషలు బాబూ. స్పెషలు."

"అది రైలు కదా!"

చిన్నమ్మలు అతన్ని జాలిగా చూసింది. "కొండ మీద రైలేటి బాబూ? గేరు. మా ఆయన బతికున్నన్నాళ్లూ జీపే తోల్నాడు. ఒరే, నీ సారుకి స్పెషలంటే తెల్దేటి?"

"ఫోర్ లో సార్," అన్నాడు విల్సన్ నెమ్మదిగా. "ఈ కొండల్లో డ్రైవర్లందరం దాన్ని స్పెషల్ అంటాం. మొదటి దినాన సెప్పబోయేను. మీరు తెలుసన్నారు."

"స్పెషల్ పడే చోట అంటే?"

"ఒక్కటే సోటు. నల్లరాయి. ఏ జీపైనా అక్కడ ఆగి, దిగి, హబ్బులు లాకు సేసి ఎక్కాల్సిందే. ఆగిన బండిని అక్కడెవడూ అనుమానించడు."

నాలుగూ ఇరవై రెండు. దేవీప్రసాద్ వైర్‌లెస్ అందుకున్నాడు. గరగర తప్ప జవాబు లేదు. చీఫ్, ఆయన బ్రీఫ్‌కేసు, అందులో తాళంచెవి, అన్నీ రైలుతో పాటు కొండ టన్నెల్లో ఉన్నాయి.

"విల్సన్, నేను..."

"అదంతా తర్వాత సార్. బేగి ఎక్కండి. నేను నోటితో సెప్తాను, మీరు సేత్తో తోలండి."

*

డుంబ్రిగుడ వరకు తారురోడ్డు. సంత ముగించుకుని ఎదురొస్తున్న ఎడ్లబండి వాళ్లు హారన్ కొట్టకముందే పక్కకి తీశారు. కొండ మొదట్లో వాన కూడా కాస్త తెరిపిచ్చింది. అలాంటివి అడిగితే దొరకవు.

నల్లరాయి దగ్గరికి వచ్చేసరికి ఐదూ నాలుగు. బురదలో తాజా చక్రాల గుర్తులు. కిందికి పరిగెడుతూ ఎదురైన మనిషిని దేవీప్రసాద్ గుర్తుపట్టాడు. రికార్డు గది గుమాస్తా, పాలిష్ చేసిన బూట్లు చేత్తో పట్టుకుని.

"ఈడేనా సార్?"

"వీడే. ఉన్నది ఒకటే దారి, వట్టికాళ్లతో ఎంత దూరం పోతాడు? ముందు ఫ్లాపీ."

పైన మలుపు మీద హాల్డన్ జీపు ఎక్కుతోంది. ఆ మలుపు దాటితే శిఖరం, శిఖరం దాటితే ఒరిస్సా. దేవీప్రసాద్ కాలు యాక్సిలరేటర్ మీదికి పోయింది.

"ఆగండి!" అని అరిచాడు విల్సన్. "ఆపకుండా ఎల్తే సగంలో కూర్సుంటాం. దిగండి!"

ప్రతి క్షణం ఒక పేరులా ఉంది. దేవీప్రసాద్ ఆపాడు. దిగాడు. మోకాళ్లలోతు బురదలో ఒక హబ్ తిప్పాడు, చుట్టూ పరిగెత్తి రెండోది తిప్పాడు. ఎక్కాడు. క్లచ్. ఒక పొట్టి లివర్. రెండోది. ఫస్ట్.

"బొటనేళ్లు," అన్నాడు విల్సన్.

బొటనవేళ్లు పైకొచ్చాయి. నాలుగు చక్రాలూ నేలని పట్టాయి. జీపు నింపాదిగా ఎక్కడం మొదలుపెట్టింది.

యాభై గజాల పైన హాల్డన్ జీపు ఆగిపోయింది. ఇంజిన్ గోలపెడుతోంది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ముందు చక్రాలు మాత్రం కదలడం లేదు. హాల్డన్ కోపంగా లివర్ లాగుతున్నాడు, మళ్లీ మళ్లీ లాగుతున్నాడు.

"హబ్బులు ఫ్రీలో ఉన్నాయి సార్," అన్నాడు విల్సన్. అతని గొంతులో గర్వం. "ఆవిడే! బురదలో తన బూట్లు పాడైపోతాయని ఆ దొర ఎప్పుడూ ఆవిణ్ణే దించుతాడంట. ఆదివారం సర్చి ఎనకాల నేర్పింది అదే. ఎటు తిప్పితే ఫ్రీయో మూడుసార్లు తప్పు సెప్పి నవ్వీసినారు. గొడుగు కూడా అప్పుడే ఇచ్చీసినారు. దొర సామాన్లు ఎతుకుతన్నాడంట. గొడుగు లేదని తెలిస్తే మీ సారు నన్ను ఎనక్కి పిలిపించేత్తాడు, ఫ్లాపీ పోతాది, సెప్పకు అన్నారు."

దేవీప్రసాద్ జీపుని పైకి పోనిస్తూనే ఉన్నాడు. నిజమే. పిలిపించేవాడే.

పైన హాల్డన్ చేయకూడని పని చేశాడు. వాలు మధ్యలో క్లచ్ తొక్కాడు. ఇంజిన్ పట్టు వదిలింది. జీపు వెనక్కి జారింది, మెల్లగా, తర్వాత వేగంగా, అడ్డం తిరుగుతూ. ఎడమవైపు లోయ. ఎడమ సీట్లో మబ్బురంగు చీర.

"విల్సన్!"

"ఎదురెల్లండి సార్. మనమే అడ్డు. క్లచ్చి ముట్టుకోకండి. ఇంజిన్ని నమ్మండి!"

నమ్మడం దేవీప్రసాద్ వృత్తిలో లేదు. అయినా రెండు కాళ్లూ వెనక్కి తీసుకున్నాడు. జీపు తనంత తాను అడుగులో అడుగు వేస్తూ ఎదురెళ్లింది. బంపర్లు ఢీకొన్నాయి. స్టీరింగ్ ఒక్క విసురున తిరిగి అరచేతుల్లోంచి జారింది. వేళ్లకి ఏమీ కాలేదు. జీపు వణికింది, ఒక అడుగు వెనక్కి పోయింది, నిలబడింది.

హాల్డన్ జీపు ముందు చక్రం బండకి కొట్టుకుంది. అతని బొటనవేలు స్టీరింగ్ లోపల ఉంది. అరుపు లోయ అవతలికి కూడా వినిపించి ఉంటుంది. రెండో చేత్తో అప్పుడే తీసిన పిస్టల్ కిందపడింది.

అది జాయ్స్ తీసుకుంది. "చెయ్యి నొప్పిగా ఉందా, సార్? కదలకండి. కదిలితే ఇంకా నొప్పి," అంది, సెక్రటరీ గొంతుతోనే. అతని జేబులోంచి ఫ్లాపీ తీసింది. ఆమె కూర్చున్నవైపు వెనక చక్రం అంచుకి జానెడు దూరంలో ఆగి ఉంది.

వైర్‌లెస్ గరగరలాడింది. చీఫ్ టన్నెల్ దాటాడు. "ట్వెంటీ సెవెన్! స్పెషల్ స్టేషన్లోకి వచ్చేసింది. నువ్వెక్కడున్నావు?"

"స్పెషల్‌లోనే ఉన్నాను సార్," అన్నాడు దేవీప్రసాద్.

*

దారిలో గుమాస్తా దొరికాడు, కాలికి ముల్లు గుచ్చుకుని, గట్టు మీద కూర్చుని. హాల్డన్‌తో పాటు అతన్నీ కట్టి వెనక పడేశారు. జాయ్స్ పిస్టల్‌తో వాళ్లకి ఎదురుగా కూర్చుంది. హాల్డన్ బొటనవేలికి తన చీర కొంగులోంచి ఒక పేలిక చింపి కట్టింది. శత్రువు వేలైనా నొప్పి నొప్పే.

"విల్సన్ జీపులో ఇన్ని రోజులు తిరిగావు," అంది దేవీప్రసాద్‌తో. "ఆ మాట ఒక్కసారి కూడా వినలేదా? నీకు తెలిసే ఉంటుందనుకుని అలాగే రాశాను."

"చెప్పబోయాడు. నేను విననివ్వలేదు."

ఆమె కట్టు ముడి ఇంకోసారి బిగించింది. తర్వాత అడిగింది. "ఉల్లిపాయలు ఇప్పుడెవరు తరుగుతున్నారు?"

"మానేశాను."

"విల్సన్," అన్నాడు దేవీప్రసాద్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నాది తప్పు."

"పర్వాలేదు సార్. చిన్నమ్మలు పిన్నికి కూడా అదే సెప్పీండి, నేకపోతే రేపట్నుంచి మీకు టీ పొయ్యదు."

జాయ్స్ పకపకా నవ్వింది. విల్సన్ మాటకే. దేవీప్రసాద్ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

"సార్, తారురోడ్డు వచ్చేసినాది. స్పెషల్ తీసీండి. గట్టి రోడ్డు మీద కూడా నాలుగు సక్రాలూ బిగపట్టీసి తోల్తే గేర్లు పాడైపోతాయి."

దేవీప్రసాద్ జీపు ఆపాడు, దిగి హబ్‌లు ఫ్రీ చేశాడు, మళ్లీ ఎక్కి లివర్లు తీశాడు. ముందు సీట్లో తన పక్కన జాయ్స్‌ని కూర్చోబెట్టుకుని ఒక్కసారైనా బండి తోలాలని మూడేళ్లుగా అతని కోరిక. ఆ సీట్లో విల్సన్ ఉన్నాడు. వీలైతే లేచి వెనక్కి వెళ్లేవాడే, కానీ అతన్ని అక్కడ కట్టేసింది దేవీప్రసాదే. తాళంచెవి ఇంకా పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది.